రెండు గంటల్లో ఐసన్నారు, తెల్లారిపోయింది: డీప్ ఫ్రీజర్ రివ్యూ

మా సోడా కొట్టుకి మార్చిలో 200 లీటర్ల డీప్ ఫ్రీజర్ కొన్నాను, 19,000 అయింది. కంపెనీ పేరు, అమ్మినాయన పేరు రాయను, పర్లాకిమిడి చిన్న ఊరు, రోజూ ఆయన షాపు ముందు నుంచే వెళ్లాలి. "రెండు గంటల్లో ఐసు మాస్టారూ, పూచీ నాది" అన్నాడు.

మొదటిరోజు సాయంత్రం ఆరింటికి పది లీటర్ల స్టీలు డబ్బాతో నీళ్లు పెట్టాను. తొమ్మిదింటికి థర్మామీటర్ ముంచితే సున్నా దరిదాపుల్లో ఉంది, భలే అనుకున్నాను. పదకొండుకీ అదే సున్నా. పొద్దున్న చూస్తే అంచుల వెంబడి గట్టి, నడుమ గరిటె దిగేన్ని నీళ్లు. ఒళ్లు మండి ఫోన్ చేస్తే మూత ఎన్నిసార్లు తీశారని నన్నే అడిగాడు.

తర్వాత లెక్క వేసుకుంటే మెషీన్ తప్పు లేదు. 30 డిగ్రీల నీళ్లు సున్నాకి దిగాలంటే గ్రాముకి 30 కేలరీల వేడి పోతే చాలు. సున్నాకి వచ్చిన ఆ నీళ్లే గడ్డ కట్టాలంటే ఇంకో 80 పోవాలి, అంతసేపూ థర్మామీటర్ కదలదు. బళ్లో గుప్తోష్ణం అని బట్టీ పట్టింది ఇదే, అప్పుడు మార్కులకి తప్ప దేనికీ పనికిరాలేదు. ఇప్పుడు వెడల్పు ట్రేల్లో పల్చగా పోస్తున్నాను, త్వరగా అవుతోంది.

రెండు గోలీ సోడాలు పగిలాయి, అది నా బుద్ధితక్కువ. నీళ్లు గడ్డ కడితే 9 శాతం దాకా ఉబ్బుతాయి, సీసాలో చోటేదీ?

ఒక సరదా మాత్రం చెప్పాలి. సీలు తీయని వాటర్ బాటిల్ ఒకటి సున్నా కంటే కిందకి చల్లబడినా నీళ్లలాగే ఉంది. గడ్డ మొదలవడానికి దుమ్ము రేణువో ఐసు ముక్కో ఏదో ఒక ఆసరా కావాలట. బల్ల మీద ఠప్పున కొట్టగానే పైనుంచి కింద దాకా తెల్లగా పేరుకుపోయింది. కొట్టుకొచ్చిన ఒడియా పిల్లాడు నోరెళ్లబెట్టి ఇంకోటి చెయ్యమన్నాడు, మూడుసార్లు ప్రయత్నిస్తే ఒకసారే అయింది.

అసలు లోపం మూత రబ్బరు. ఒక మూల అతుక్కోదు, తడిగాలి దూరి లోపల గోడకి బొటనవేలు మందాన మంచు కడుతోంది. సర్వీసు మనిషి రెండు వారాలకి వచ్చి, వేడినీళ్ల గుడ్డతో రబ్బరు సాగదీసి, 300 పట్టుకెళ్లాడు. మళ్లీ అదే మూల లేచింది. మూడు స్టార్లు, కొనేముందు మూతలో కాగితం పెట్టి లాగి చూడండి, జారి వచ్చేస్తే వద్దనండి.