ఇఫే, ఒషోగ్బో: యొరూబా పూసలు చూడాలంటే ఎక్కడ ఉండాలి, ఎవరిని నమ్మాలి

నైజీరియాలోని లాగోస్‌లో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి గానీ, ఇలే ఇఫే చూసొచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సెలవొస్తే బీచ్, బోనస్ వస్తే దుబాయ్. "అక్కడేముందండీ, ఒక మ్యూజియం, ఒక రాయి" అని మాతోనూ అన్నారు. మా ఆవిడకి పూసల పిచ్చి. ఇక్కడి యొరూబా జాతివాళ్ల పెళ్లిళ్లలో మెడనిండా ఎర్ర పూసలు వేసుకుని కూర్చున్న పెళ్లికొడుకుల్ని చూసినప్పటి నుంచీ ఇవి వట్టి నగలేనా, వెనక ఇంకేమైనా ఉందా అని అడుగుతూనే ఉంది. చివరికి ఒక లాంగ్ వీకెండ్ చూసుకుని ఇఫే, ఒషోగ్బో, ఇబాదాన్ మూడూ కలిపి బయల్దేరాం.

ముందు ప్రయాణం సంగతి. ఇబాదాన్ దాకా రైల్లోనే వెళ్లండి. 2021లో మొదలైన ఈ లైను 157 కిలోమీటర్లు. లాగోస్‌లో మొబొలాజి జాన్సన్ స్టేషన్లో ఎక్కితే రెండున్నర గంటలకి కాస్త అటూఇటూగా మోనియాలో దింపుతుంది. ఏసీ, సీట్లు, టైము అన్నిటికీ మంచి మార్కులే. చిక్కల్లా దిగాకే. మోనియా ఊరికి బాగా ఎడంగా ఉంది, కారు ముందే మాట్లాడుకోకపోతే స్టేషన్ బయట చెప్పిందే రేటు. అక్కడి నుంచి ఇఫేకి రోడ్డు మీద వెళ్లాలి. పగటిపూటే వెళ్లండి.

ఇఫేలో మొదటి రాత్రి ఊళ్లో ఒక హోటల్లో దిగాం. పేరు రాయను. ఫోటోల్లో స్విమ్మింగ్ పూల్ ఉంది, గదిలో మాత్రం నీళ్లు బకెట్లో వచ్చాయి. పదకొండు దాటాక కరెంటు నల్లపూసైపోయింది. మర్నాడు ఒబాఫెమి అవొలొవొ యూనివర్సిటీ క్యాంపస్‌లోని అతిథిగృహానికి మారాం. సాదా గది, గట్టి పరుపు, కానీ కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి, చుట్టూ చెట్లు, పొద్దున్నే అలసందలు రుబ్బి వేయించిన వేడి వేడి అకరా. పిల్లలతో వెళ్లేవాళ్లకి నా ఓటు దీనికే.

ఇఫే అంటే యొరూబావాళ్ల లెక్కలో భూమి పుట్టిన చోటు. వాళ్ల మూలపురుషుడు ఒదుదువా పైనుంచి గొలుసు పట్టుకుని దిగి, నీళ్ల మీద మట్టి పోసి, అయిదు వేళ్ల కోడిని వదిలితే అది గీరి గీరి నేల చేసిందట. ఓని, అంటే ఇఫే రాజు, ఆయన ప్యాలెస్ పక్కనే జాతీయ మ్యూజియం ఉంది. చిన్నది, లైటింగ్ అంతంతమాత్రం, మేం వెళ్లినప్పుడు లోపల ఫోటోలు తీయనివ్వలేదు. ఇఫే పేరు ప్రపంచానికి తెలిసింది ఇత్తడి తలల వల్ల. 1938లో వున్మోనిజె అనే చోట ఇంటి పని కోసం తవ్వుతుంటే అవి బయటపడ్డాయి. అందులో ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందరూ ముఖాల ముందే ఆగుతారు. మీరు మాత్రం విరిగిన మట్టి బొమ్మల కాళ్లూ చేతులూ చూడండి. ఒక్క పాదం ముక్క మీద, చీలమండ చుట్టూ, చిన్న పూసల వరస ఒకటి, దాని పైన లావు పూసలు, మళ్లీ చిన్నవి. శిల్పి ఏ పూసా వదిలిపెట్టలేదు. ఆ మనిషి రాజో పూజారో, ఎంతటివాడో చెప్పే సంగతి ఆ వరసల్లోనే ఉందని గైడ్ చెప్పాడు.

ఆ పూసలు ఎక్కడివి? చాలా ఏళ్లపాటు పండితులు బయటి నుంచే వచ్చాయన్నారు, లేదా తెచ్చిన గాజునే ఇక్కడ కరిగించారన్నారు. ఊరికి ఉత్తరాన ఇగ్బో ఒలొకున్ అనే వనం ఉంది. ఒలొకున్ సముద్రానికీ సంపదకీ దేవత, పూసలు ఆమె సొత్తు. 1910లో ఫ్రొబేనియస్ అనే జర్మన్ అక్కడ గాజు అంటుకున్న మట్టి మూసలు, అంటే గాజు కరిగించే పాత్రలు, చూశాడు. 2011, 2012ల్లో నైజీరియా పురావస్తు పరిశోధకుడు అబిదెమి బబలోలా అక్కడే తవ్వితే 12 వేలకు పైగా గాజు పూసలు, మూసల ముక్కలు దొరికాయి. పరీక్షిస్తే అందులో సున్నం, అల్యూమినా రెండూ ఎక్కువగా ఉన్న గాజు తేలింది. ఐరోపాలోనో అరబ్ దేశాల్లోనో కాచింది కాదు, ఇక్కడి ముడిసరుకుతో ఇక్కడే కాచింది. అదీ 11 నుంచి 15వ శతాబ్దం మధ్య, పోర్చుగీసు ఓడల కంటే ముందే. కరిగిన గాజును సన్నటి గొట్టంలా సాగదీసి ముక్కలు కోసేవారు. మన శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో తరాలుగా చేసిందీ సాగదీసే పనే కాబట్టి ఆ ఊరివాళ్లు ఇక్కడికొస్తే గైడ్‌కే పాఠం చెప్తారు. ఇంతా చెప్పి, ఇప్పుడు ఆ వనంలో చూడ్డానికి ఏముందీ అంటే, చుట్టూ లేచిన ఇళ్ల మధ్య మిగిలిన కాస్త పచ్చదనం. కథ తెలిసినవాళ్లతో అయితేనే వెళ్లండి, లేకపోతే పెట్రోల్ దండగ.

ఒరాన్మియాన్ స్తంభం, అయిదున్నర మీటర్ల గ్రానైట్ రాయి, పది నిమిషాల పని.

ప్యాలెస్‌లో ముందు ఆవరణ దాకా తిప్పి చూపిస్తారు. అసలు కిరీటం కనిపించదు, చూడాలనుకోవడమూ పొరపాటేనట. ఒదుదువా వంశంవాళ్లకే పూసల కిరీటం పెట్టుకునే హక్కు. దాని అంచు నుంచి పూసల తెరలు వేలాడి రాజు ముఖాన్ని కప్పేస్తాయి, అప్పుడు కనిపించేది ఆ మనిషి కాదు, ఆ పీఠం. శిఖరం లోపల మూలికలు పెట్టి కుట్టేస్తారు. రాజు లోపలికి తొంగిచూడకూడదు, చూస్తే కళ్లు పోతాయంటారు. పైన కూర్చునే పక్షులు ముసలి తల్లుల రహస్య శక్తికి గుర్తు. యొరూబా నమ్మకంలో ప్రతి మనిషి తలలోనూ వాడి రాత ఉంటుంది, దాన్నే ఒరి అంటారు, దానికీ పూజ చేస్తారు. అలాంటి తల మీద పూసలు పెట్టడం అలంకారం ఎలా అవుతుంది? ఓని పెట్టుకునే ఆరె అనే కిరీటం ఏడాదికొక్కసారి, ఒలోజో పండగకే బయటికొస్తుంది.

మా గైడ్ ప్యాలెస్ దగ్గర తగులుకున్నవాడు కాదు, అతిథిగృహం వాళ్లు పిలిపించిన కుర్రాడు. రేటు ముందే ఒప్పుకున్నాం. అతను లేకపోతే బాబలావో ఇంటికి వెళ్లేవాళ్లమే కాదు. బాబలావో అంటే ఇఫా అనే జోస్యం చూసి చెప్పే పూజారి. పెద్దాయన. మా గైడ్ వెళ్లగానే నేల మీద సాగిలపడ్డాడు, మేం చేతులు జోడించాం, ఆయన నవ్వి కూర్చోమన్నారు. ఎడమ మణికట్టుకి ఆకుపచ్చ, గోధుమ రంగు పూసలు ఒకటి విడిచి ఒకటి గుచ్చిన కంకణం. దాన్ని ఇడే అంటారు. దాని కథ ఆయనే చెప్పారు. ఒరున్మిలా, అంటే ఇఫా దేవుడు, మృత్యువు ఇకుతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఈ పూసలు కట్టుకున్నవాడు నావాడు, వాడి గడువు రాకముందు వాణ్ని ముట్టుకోకు అని. అందుకని ఇకు మణికట్టు చూసి పక్కకి తప్పుకుంటాడు.

రోడ్డు మీద అమ్మే కంకణం కట్టుకోవచ్చా అని మా ఆవిడ అడిగింది. నిక్షేపంగా కట్టుకోమన్నారు, కాకపోతే అది చేతికి అందం తప్ప ఇంకేం కాదట. పూసల్ని ఆకుల పసరులో కడగాలి, మంత్రం చదవాలి, అధికారం ఉన్నవాళ్ల చేత్తో కట్టించుకోవాలి. మిగతా ఒరిషాలకీ, అంటే యొరూబా దేవతలకీ, అంతే, రంగు ఒక్కటే చాలదు. ఒబాటాలాకి తెల్లవి, షాంగోకి ఎరుపూ తెలుపూ, ఒషున్‌కి తేనె రంగువీ ఇత్తడివీ. అక్కడ గుమ్మం పక్కన దుకాణంలా పెట్టి మాకేమైనా అంటగడతారేమోనని నాకు కాస్త టెన్షన్‌గానే ఉండింది. అలాంటిదేమీ జరగలేదు. కోలా కాయలు, కొంచెం డబ్బు పళ్లెంలో పెట్టి వచ్చాం.

ఒషోగ్బో ఇఫే నుంచి గంట దూరం. అక్కడి హోటళ్లు నాకు ఇఫేకంటే మెరుగనిపించాయి, తిండి మరీను. ఎవెడు అనే ఆకు పులుసు, గ్బెగిరి కలిపి పోసిన అమలా అనే పిండి ముద్ద ఒకసారైనా తినండి. గ్బెగిరి బీన్స్‌తో చేసేదే గానీ మాంసం పులుసు పైన పోసేస్తారు, శాకాహారులు ముందే చెప్పుకోవాలి. ఏటి దేవత ఒషున్ వనం 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, 75 హెక్టార్లు. వేట లేదు, చేపలు పట్టడం లేదు, కోతులకి మాత్రం స్వేచ్ఛ. టికెట్ చవకే, కెమెరాకి వేరే కట్టాలి. సుసాన్ వెంగర్ అనే ఆస్ట్రియా కళాకారిణి ఇక్కడికొచ్చి ఒరిషా పూజారిణి అయిపోయి, స్థానిక శిల్పులతో కలిసి వనంలోని సిమెంటు విగ్రహాలు నిలబెట్టింది. 2009లో పోయేదాకా ఇక్కడే ఉంది. ఆమె లేకపోతే ఈ అడవి ప్లాట్లయిపోయేదని అందరూ అంటారు, నాకూ అలాగే అనిపించింది.

ఏటి ఒడ్డున బ్రెజిల్ నుంచి వచ్చిన బృందం ఒకటి కనిపించింది. బానిసలుగా ఓడలెక్కిన వాళ్లతోబాటు ఒరిషాలూ క్యూబాకి, బ్రెజిల్‌కి వెళ్లారు, పూసలూ వెళ్లాయి. వాళ్లలో ఒకాయన మణికట్టు మీద ఇడే ఉంది, కానీ ఆకుపచ్చా పసుపూ. ఇక్కడి పూజారిణి దాన్ని రెండు వేళ్లతో తిప్పి చూసి, తన మెడలోని తేనె రంగు పూసలు పైకెత్తి చూపించింది. భాష కలవలేదు, ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. ఒక హెచ్చరిక: ఏటి నీళ్లు ప్రసాదంలా ఇస్తారు, తాగొద్దు. ఏటి ఎగువన బంగారు గనుల వల్ల నీళ్లు చెడ్డాయని ప్రభుత్వమే చెప్పింది. తల మీద చల్లుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఆగస్టు పండగకి వెళ్తే తల మీద సొరకాయ బుర్ర మోసుకొచ్చే కన్యని, అరుగ్బాని, చూడొచ్చు. కానీ గదులు దొరకవు, వనం కనపడదు, జనమే కనపడతారు. పూసల కోసం వెళ్లేవాళ్లు మామూలు రోజుల్లోనే వెళ్లాలి. టైము ఒక్క రోజే ఉంటే ఒషోగ్బో వదిలేసి ఇఫేకే వెళ్లమంటాను. వనం అందంగా ఉంటుంది, ఇఫే అర్థమయ్యేలా చెప్తుంది. మంచి హోటల్ మీద పెట్టే డబ్బు మంచి గైడ్ మీద పెట్టండి.

తిరుగు దారిలో ఇబాదాన్ ఓజె మార్కెట్. అషో ఒకె బట్టకి పేరుపడ్డ చోటు, పూసలవాళ్లూ ఉన్నారు. ఒక ముసలామె మా ఆవిడ మెడలో నల్లపూసలు చూసి, ఇవి ఏ ఒరిషావి అని అడిగింది. పెళ్లివి అంటే, అలాగా అన్నట్టు తలూపి, పట్టుకు చూడ్డానికి చాచిన చేయి వెనక్కి తీసుకుంది. తర్వాత బేరంలో మాత్రం ఏమీ తగ్గలేదు. ఇయున్ అనే ఎర్ర పూసల్లో ప్లాస్టిక్‌ది ఎలా పట్టాలో కూడా ఆమే చెప్పింది. చెంపకి ఆనిస్తే రాయి చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. సెగి అనే నీలం పూసని ఎండకి ఎత్తి చూపించింది, లోపల ఆకుపచ్చ మెరిసింది. ఇది తాతలనాటిది, మట్టిలో దొరికిందని రేటు చెప్పింది. అలాంటివి కొనకండి. నిజంగా పాతదైతే మ్యూజియం శాఖ అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం, కొత్తదైతే ఆ రేటు మోసం. మేం కొత్త గాజు పూసలే రెండు దండలు తీసుకుని, చీటీ మీద రేటు రాయించుకుని బ్యాగులో వేసుకున్నాం.