పాడుతా తీయగానా, ఇండియన్ ఐడలా?

ఈ మధ్య మా ఇంట్లో రిమోట్ కోసం జరిగే గొడవంతా రెండు పాటల కార్యక్రమాల గురించే. అమ్మది ఈటీవీ 'పాడుతా తీయగా'. తమ్ముడిది ఆహా ఓటీటీలో వచ్చే 'తెలుగు ఇండియన్ ఐడల్'. వాళ్ల మధ్య కూర్చుని నేను రెండూ చూసేస్తున్నాను.

1996లో మొదలైన పాడుతా తీయగా అంటే బాలుగారే. ఎవరైనా 'శ'ని 'స' అని పలికితే ఊరుకునేవారు కాదు. అలాగని కసిరేవారూ కాదు. ఆ అక్షరం ఎలా పలకాలో పాడి చూపించి, ఆ పాట రికార్డింగు నాటి ముచ్చటొకటి చెప్పేవారు. నిజం చెప్పాలంటే మేం పాటల కన్నా ఆ కబుర్ల కోసమే కూర్చునేవాళ్లం. 2020లో ఆయన పోయాక కొడుకు చరణ్ అందుకున్నారు. న్యాయనిర్ణేతల్లో ఒకరైన పాటల రచయిత చంద్రబోస్ సాహిత్యం గురించి మాట్లాడుతుంటే హాయిగా ఉంటుంది. అయినా అమ్మ మాత్రం "బాలు లేని లోటు లోటేరా" అంటుంది. కాదనలేను.

2022లో వచ్చిన ఐడల్ హడావుడి వేరు. లైట్లు, న్యాయనిర్ణేతగా కూర్చున్న సంగీత దర్శకుడు తమన్ జోకులు, ఓట్లు, మధ్యమధ్యలో పాడేవాళ్ల ఇంటి కష్టాలు. మొదటి సీజన్ గెలిచిన వాగ్దేవి గొంతులో దమ్ముంది, అందులో అనుమానం లేదు. కానీ పాట కాసేపే, పొగడ్తలు బోలెడు. తప్పు ఎక్కడ జరిగిందో విడమరచి చెప్పేది తక్కువ.

సంగీతం నేర్చుకునే పిల్లలుంటే మొదటిదే పెట్టండి. రాత్రి అన్నాలయ్యాక కాలక్షేపానికైతే రెండోదీ బాగానే ఉంటుంది. ఓటీటీ కదా, ఏడుపులు రాగానే ముందుకు జరిపేస్తాను. తమ్ముడు గుర్రుమంటాడనుకోండి!