యూకేలో లైసెన్స్ బ్యాన్ అయ్యాక కారు ఇన్సూరెన్స్: స్పెషలిస్ట్ బ్రోకర్ సర్వీసు ఎలా ఉందంటే (3/5)

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడు. బ్యాన్ ముగిసిన మొదటి ఏడాది ఇలాంటి బ్రోకర్ దగ్గరికి వెళ్లొచ్చు, డబ్బులు గట్టిగానే తీసుకుంటారు కానీ పని తెలిసినవాళ్లు. రెండో ఏడాది కూడా బద్ధకించి అక్కడే ఉండిపోతే మాత్రం దండగ. ఇక్కడ యూకేలో 'కన్విక్టెడ్ డ్రైవర్ ఇన్సూరెన్స్' అని బోర్డు పెట్టుకున్న బ్రోకర్లు బోలెడుమంది, వాళ్లలో ఒకరితో మా బావమరిది కోసం మొత్తం వ్యవహారం నడిపింది నేనే, వాడికి కాల్ సెంటర్ పాట రెండు నిమిషాలు వినపడితే చాలు ఫోన్ పెట్టేస్తాడు. కంపెనీ పేరు రాయట్లేదు, కింద కొన్ని ఫిర్యాదులున్నాయి, పైగా ఈ పద్ధతులు ఈ ఒక్క కంపెనీవే కావు.

వాడి కేసు ఏంటంటే, మందు తాగి నడిపిందేమీ కాదు, ఒట్టి స్పీడింగే. ఉండేది మిల్టన్ కీన్స్, రోజూ ఎం1 మోటార్‌వే మీద ఆఫీసుకి. ఆ రోడ్డు మీద పైన అడ్డంగా ఉండే బోర్డుల్లో (గ్యాంట్రీ) స్పీడ్ లిమిట్ గంటకి 60 మైళ్లనీ 50 అనీ మారుతూ ఉంటుంది, వెనకాల కెమెరా ఉంటుంది, ఖాళీగా ఉందికదా అని 70లో పోయారంటే ఇంటికి లెటర్ వస్తుంది. మొదటిసారి పాయింట్లకి బదులు ఇచ్చే స్పీడ్ అవేర్‌నెస్ కోర్సుతో బయటపడ్డాడు. ఆ కోర్సు మూడేళ్ల లోపు రెండోసారి ఇవ్వరు, కాబట్టి ఆ తర్వాత దొరికిన ప్రతిసారీ లైసెన్స్ మీద మూడేసి పెనాల్టీ పాయింట్లు. మూడేళ్లలో 12 అయితే మామూలుగా కనీసం ఆరు నెలల బ్యాన్, దీన్నే ఇక్కడ టాటింగ్ అప్ అంటారు, రికార్డులో టీటీ99 అని పడుతుంది. ఉద్యోగం పోతుందని కోర్టులో చెప్పుకుని చూశాడు, రైలు ఉందిగా అన్నట్టు చూశారు, అయిపోయింది.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి ఇన్సూరెన్స్ సంగతి అర్థం కావడానికి టైమ్ పడుతుంది. మన దగ్గర ఈ-చలాన్ వస్తే కట్టేస్తాం, అక్కడితో సరి, ప్రీమియం కారు విలువనీ నో క్లెయిమ్ బోనస్‌నీ బట్టి ఉంటుంది, థర్డ్ పార్టీ రేటైతే ప్రభుత్వమే ఇంజిన్ సైజుని బట్టి నిర్ణయిస్తుంది. ఇక్కడ మనిషిని చూసి రేటు కడతారు. కోర్టు ఫైన్ ఒక్కసారి కట్టేది, బ్యాన్ ఆరు నెలల్లో అయిపోయేది, ఈ ఇన్సూరెన్స్ మోత మాత్రం అయిదేళ్లు వెంటాడుతుంది.

బ్యాన్ పడగానే మొదటి పని పాత ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం. పాలసీ వాడి పేరు మీదే ఉంది, ఇక కొనసాగించలేం అన్నారు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: వాళ్లు రద్దు చేసేదాకా ఆగకుండా మీ అంతట మీరే క్యాన్సిల్ చేసుకుంటానని అడగండి. ఎందుకంటే తర్వాత ప్రతి ఫారంలోనూ 'మీ పాలసీని ఎవరైనా కంపెనీ ఎప్పుడైనా రద్దు చేసిందా' అని ఒక ప్రశ్న ఉంటుంది, దానికి అయిదేళ్ల గడువు లాంటిదేమీ మామూలుగా ఉండదు, 'ఎప్పుడైనా' అంటే ఎప్పుడైనా అనే. మావాడు అడిగాడు, సరే అన్నారు. ఆ ఆరు నెలలూ వాడి భార్య తన పేరు మీద వేరే పాలసీ తీసుకుని నడిపింది. ఇంట్లో నడిపేవాళ్లు ఇంకెవరూ లేకపోతే కారు రోడ్డెక్కదని డీవీఎల్ఏకి (లైసెన్సులూ రిజిస్ట్రేషన్లూ చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పాలి, దీన్నే ఎస్ఓఆర్ఎన్ అంటారు, ఆ కారుని సొంత డ్రైవ్‌వేలో పెట్టుకోవాలి, వీధిలో పెట్టకూడదు, రోడ్ ట్యాక్స్‌లో మిగిలిన పూర్తి నెలల డబ్బు వెనక్కి వస్తుంది.

బ్యాన్ ముగియబోతుండగా రకరకాల కంపెనీల రేట్లు పోల్చి చూపించే కంపారిజన్ సైట్లు తిరిగేశాం. బ్యాన్‌కి ముందు ఏడాదికి 700 పౌండ్లకి కాస్త అటూ ఇటుగా కట్టేవాడు. ఇప్పుడు టీటీ99 అని నొక్కగానే సగానికి సగం కంపెనీలు మాయం, ఇస్తామన్నవాళ్లు 2,300 నుంచి మొదలు. పైగా ఆ ఫారాల్లో కోడ్ ఎంచుకోవడమే ఒక పరీక్ష. మామూలు రోడ్డు మీద స్పీడింగ్ అయితే ఎస్పీ30, మోటార్‌వే అయితే ఎస్పీ50, నేరం జరిగిన తేదీ ఒకటి, శిక్ష పడిన తేదీ ఇంకొకటి, ఏది ఎక్కడ రాయాలో చాలామందికి తెలీదు. తప్పు రాస్తే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు బయటపడుతుంది, 2012 నాటి చట్టం ప్రకారం అడిగినదానికి తగిన జాగ్రత్త తీసుకుని జవాబు చెప్పే బాధ్యత మనదే.

అప్పుడు ఈ బ్రోకర్‌కి ఫోన్ చేశాం. నేను ఇచ్చిన మూడు స్టార్లలో రెండు ఆ ఒక్క ఫోన్ కాల్‌కే. అవతల ఉన్నది ఉత్తర ఇంగ్లండ్ యాసలో మాట్లాడే పెద్దావిడ, అస్సలు తొందరపడలేదు. బ్యాన్ ఎందుకు పడిందని అడిగి ఊరుకోలేదు, దాని వెనక ఉన్న నాలుగు కేసులూ ఒక్కొక్కటిగా చెప్పించింది. మావాడు స్పీకర్ ఫోన్ ముందు కూర్చుని "బ్యాన్ అయిపోయిందిగా బావా, పాయింట్లు కూడా పోయినట్టే కదా, అవన్నీ దేనికి" అని నా వైపు చూస్తున్నాడు. టాటింగ్ బ్యాన్ తర్వాత ఆ పాయింట్లు మళ్లీ 12 లెక్కలోకి రావన్నది నిజమే, కానీ కేసులు రికార్డులోంచి పోవు, ఇన్సూరెన్స్ వాళ్లకి అన్నీ చెప్పాల్సిందే. ఆవిడ ఇంకోటి కూడా చెప్పింది, ఇది నాకూ కొత్త. బ్యాన్ పడిన కేసు డీవీఎల్ఏ రికార్డులో శిక్ష తేదీ నుంచి నాలుగేళ్లు ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీలేమో అయిదేళ్లు అడుగుతాయి. అంటే నాలుగో ఏడాది దాటాక లైసెన్స్ రికార్డు శుభ్రంగా కనిపిస్తుంది, అది చూసుకుని 'ఏమీ లేవు' అని టిక్ పెట్టేసేవాళ్లు ఉంటారు, అక్కడే దొరికిపోతారు. కోర్సు సంగతి అడిగితే, అది శిక్ష కాదు, ఫారంలో ప్రత్యేకంగా అడిగితేనే చెప్పండి అంది.

తర్వాత అసలు ప్రశ్న వేసింది: కారు ఎక్కువగా ఎవరు నడుపుతారు? మన వాట్సాప్ గ్రూపుల్లో ఉచిత సలహా ఏంటో తెలుసుగా, 'పాలసీ భార్య పేరు మీద పెట్టి నువ్వు నేమ్డ్ డ్రైవర్‌గా (అదనపు డ్రైవర్‌గా) చేరిపో, సగం తగ్గుతుంది'. మావాడు సరిగ్గా అదే మొదలుపెట్టాడు. ఆవిడ మధ్యలోనే ఆపి, రోజూ ఆఫీసుకి మీరు తీసుకెళ్తే మెయిన్ డ్రైవర్ మీరే, వేరేగా రాస్తే అది ఫ్రంటింగ్, అంటే మోసం, నేను ఆ పాలసీ అమ్మను అని మర్యాదగా తెగేసి చెప్పింది. కమీషన్ కోసం కూర్చున్న మనిషి అలా అనడం నాకు నచ్చింది. వెబ్‌సైట్ అయితే ఏం రాసినా కళ్లు మూసుకుని డబ్బు తీసుకునేది. క్లెయిమ్ వచ్చినప్పుడు పాలసీ చెల్లదంటే కథ వేరేగా ఉంటుంది, ఇన్సూరెన్స్ లేకుండా నడిపిన కేసుకే ఆరు నుంచి ఎనిమిది పాయింట్లు.

వాడికి ఉన్న నాలుగేళ్ల నో క్లెయిమ్స్ బోనస్ కూడా ఆవిడే లెక్కలోకి తెచ్చింది. బ్యాన్ పడితే బోనస్ పోతుందని మేం అనుకున్నాం. బోనస్ పోయేది క్లెయిమ్‌కి, పాయింట్లకి కాదు, వాడకుండా పక్కన పెట్టినా మామూలుగా రెండేళ్ల దాకా ఒప్పుకుంటారు.

చివరికి వచ్చిన కోట్ 1,650, బ్లాక్ బాక్స్‌తో, అంటే ఎలా నడుపుతున్నామో కనిపెట్టే పరికరం కారులో పెట్టుకుంటే. బాక్స్ లేకుండా అయితే 2,000 పైనే. గుడ్డిలో మెల్ల.

కాగితాల పని మాత్రం విసుగు. ఫోన్‌లో మాట్లాడింది ఒకరు, తర్వాత ఈమెయిల్స్ పంపేది ఇంకెవరో, పాత సంభాషణ వాళ్లకి తెలీదు. గవ్.యూకే అనే ప్రభుత్వ సైట్‌లో లైసెన్స్ చెక్ కోడ్ (మన లైసెన్స్ రికార్డు వాళ్లు చూడ్డానికి) తీసి పంపమన్నారు, పంపాం, ఆ కోడ్ 21 రోజులే పనిచేస్తుంది, వాళ్లు తీరిగ్గా చూసేసరికి గడువు దాటింది, మళ్లీ తీసి పంపమన్నారు. అందులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ తేడా ఉంటుంది, కాపీ పేస్ట్ చేయకుండా టైప్ చేసుకున్నట్టున్నారు, పని చేయట్లేదని ఇంకో ఈమెయిల్. ఇంకో సంగతి, బ్యాన్ 56 రోజులు లేదా అంతకన్నా ఎక్కువైతే గడువు అయిపోగానే పాత లైసెన్స్‌తో బండి తీయడం కుదరదు, కొత్తగా అప్లై చేయాలి. డీవీఎల్ఏ వాళ్లు బ్యాన్ ముగియడానికి 56 రోజుల ముందు దానికి డీ27 ఫారం పోస్టులో పంపుతారు, ఇల్లు మారినవాళ్లు అడ్రస్ ముందే మార్చుకోండి. ఈ ముక్క బ్రోకర్ చెప్పాల్సింది, చెప్పలేదు, మాకు తెలుసు కాబట్టి సరిపోయింది.

ఇక బ్లాక్ బాక్స్. బాక్స్ అంటే పెద్ద డబ్బా కాదు, అరచేతిలో పట్టేది, బ్యాటరీకి తగిలించుకోవడమే, బానెట్ ఎత్తి పది నిమిషాల్లో మేమే పెట్టేశాం. వేగం, బ్రేకులు, మలుపులు, ఏ టైమ్‌లో నడిపారు అన్నీ యాప్‌లో కనిపిస్తాయి. స్పీడింగ్ అలవాటున్న మనిషికి ఇది మంచిదే అని నా ఉద్దేశం, మా చెల్లెలు వరసైన వాడి భార్య అయితే ఇది పెళ్లప్పుడే పెట్టించాల్సింది అంటుంది. కానీ ఒక చిక్కుంది. మిల్టన్ కీన్స్‌లో గ్రిడ్ రోడ్లని ఉంటాయి, చాలా చోట్ల 60, 70 లిమిట్, వాటి పక్కనే చెట్ల వెనక ఇళ్ల మధ్య 30 రోడ్డు సమాంతరంగా పోతుంది. జీపీఎస్ కాస్త పక్కకి జరిగితే చాలు, 58లో పోతున్న కారు 30 జోన్‌లో ఉన్నట్టు లెక్క. యాప్‌లో ఎర్ర గీత, ఈమెయిల్‌లో హెచ్చరిక. పాలసీ కాగితాల్లో ఏముందంటే, తీవ్రమైన స్పీడింగ్ మళ్లీ మళ్లీ కనిపిస్తే వాళ్లు పాలసీ రద్దు చేయొచ్చు. పైన చెప్పిన ఆ 'ఎప్పుడైనా' ప్రశ్న గుర్తు తెచ్చుకోండి, మాకు టెన్షన్ ఎందుకో తెలుస్తుంది. డాష్‌క్యామ్ క్లిప్, మ్యాప్ స్క్రీన్‌షాట్ పంపితే హెచ్చరిక తీసేశారు, కానీ దానికి ఒక వారం పట్టింది, ఆ వారమంతా వాడు ముసలాయనలా నడిపాడు, అదొక లాభం. డాష్‌క్యామ్ లేకపోతే ఎలా నిరూపించుకునేవాళ్లమో నాకైతే అర్థం కాలేదు.

డబ్బు దగ్గరికొద్దాం, ఒక స్టార్ ఇక్కడే పూర్తిగా పోయింది. 1,650 అన్నది ప్రీమియం, అందులో 12 శాతం ఇన్సూరెన్స్ ట్యాక్స్ కలిసే ఉంటుంది. దాని మీద బ్రోకర్ ఫీజు 90 పౌండ్లు, చివరి పేజీలో కనిపించింది. 14 రోజుల్లో మనసు మార్చుకుని పాలసీ వద్దనుకున్నా ఆ 90 వెనక్కి రాదు. అడ్రస్ మారితే ఒక ఫీజు, మధ్యలో ఆపేస్తే ఒక ఫీజు. నెలనెలా కడతానంటే మొత్తం 1,930 దాకా వెళ్లింది, అంటే అది ఇన్‌స్టాల్‌మెంట్ కాదు, అప్పు. ఒకేసారి కట్టగలిగితే కట్టేయండి, లేదా కొన్నాళ్లు వడ్డీ లేని క్రెడిట్ కార్డు చూసుకోండి. ఫీజు తగ్గించమని బేరం ఆడాను, 90 కాస్తా 60 అయింది. అడగనివాళ్ల దగ్గర ముక్కుపిండి పూర్తిగా వసూలు చేస్తున్నారన్నమాట.

రెన్యువల్ దగ్గర ఇంకో ఆట. 2022 జనవరి నుంచి పాత కస్టమర్‌కి కొత్తవాడికన్నా ఎక్కువ రేటు వేయకూడదని ఎఫ్‌సీఏ (ఇక్కడి ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ) రూల్ ఉంది, కానీ అదే కంపెనీలో కొత్తవాడితోనే పోలిక, బయట ఇంకొకడు చవగ్గా ఇస్తే ఆ రూల్ మీకేం చేయదు. బ్రోకర్ పంపిన రెన్యువల్ 1,480. అదే వారం కంపారిజన్ సైట్‌లో, అవే వివరాలు ఒక్కటీ దాచకుండా పెడితే, బాక్స్ లేకుండా 1,150 వచ్చింది, మొదటి ఏడాది పొమ్మన్న కంపెనీయే. బ్యాన్ ముగిసి ఏడాది గడిస్తే, ఆ ఏడాదిలో క్లెయిమ్ లేకపోతే, తలుపులు కొన్ని తెరుచుకుంటాయి. కోట్‌లు మూడు నాలుగు వారాల ముందే తీసుకోండి, ఆఖరి రోజు తీసుకుంటే మండిపోతుంది.

మూడో, ఆరో పాయింట్లు మాత్రమే ఉండి బ్యాన్ లేనివాళ్లకి ఈ బ్రోకర్ల అవసరం దాదాపు లేదు, మామూలు సైట్లలోనే దొరుకుతుంది. టెస్ట్ పాసై రెండేళ్లు కాకుండా ఆరు పాయింట్లు పడినవాళ్ల సంగతి వేరు. అది బ్యాన్ కాదు, లైసెన్సే రద్దు, ప్రొవిజనల్ (లెర్నర్ లైసెన్స్) తీసుకుని థియరీ, ప్రాక్టికల్ రెండూ మళ్లీ రాయాలి. హైదరాబాద్‌లో పదేళ్లు నడిపాను అన్నా లెక్కలోకి రాదు, ఇక్కడ టెస్ట్ పాసైన రోజు నుంచే రెండేళ్లు. మనవాళ్లలో చాలామంది ఇండియన్ లైసెన్స్‌తో మొదటి 12 నెలలు నడిపేసి ఆ తర్వాత టెస్ట్ రాస్తారు కాబట్టి ఈ రూల్ కిందకి వచ్చేది ఎక్కువగా మనమే. అలాంటివాళ్లకి ఫోన్ ఎత్తి మాట్లాడే బ్రోకర్ ఉపయోగపడతాడు. ఎవరిని పట్టుకోవాలో తెలియకపోతే బ్రోకర్ల సంఘం బీబా ఉంది, వాళ్లకి ఫోన్ చేస్తే మీ కేసుకి సరిపోయేవాళ్ల వివరాలు ఇస్తారు.

వదిలేసి వెళ్లేటప్పుడు ఆటో రెన్యువల్ ఆపమని ఈమెయిల్‌లోనే రాయండి, జవాబు వచ్చేదాకా వదలకండి. మేం ముందు ఫోన్‌లో చెబితే సరే అన్నారు, తర్వాత ఈమెయిల్ కూడా పెట్టాం, అయినా కార్డు నుంచి డబ్బు లాగే ప్రయత్నం జరిగింది. ఈమెయిల్ ఉంది కాబట్టి అదే రోజు ఆగింది. బాక్స్ మాత్రం వెనక్కి అడగలేదు, ఇంకా మావాడి గ్యారేజీలో పడి ఉంది.