హనుమకొండలో ఒక డీటీపీ సెంటర్: అక్షరాలు ఇవ్వవచ్చు, బొమ్మలు ఇవ్వకూడదు

కాకతీయ విశ్వవిద్యాలయ పరిసరాల్లో థీసిస్ టైపింగుకూ బైండింగుకూ పరిశోధక విద్యార్థులు వెళ్లే డీటీపీ సెంటర్లలో ఒకదానికి, కణజీవశాస్త్ర పత్రికకు పంపవలసిన మా వ్యాసాన్ని మేడారం జాతరకు ముందు అప్పగించాను. పేరు రాయడం లేదు; నేను చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్క దుకాణానిదే అనుకోను.

జాతర ఫ్లెక్సీల రద్దీలోనూ చెప్పిన రోజుకే పని పూర్తిచేశారు. పంక్తుల మధ్య తగినంత ఖాళీ, సమీక్షకులు వేలుపెట్టి చూపడానికి వీలుగా ప్రతి పంక్తికీ సంఖ్య, పత్రిక అడిగిన తీరులో రిఫరెన్సులు అన్నీ చక్కగా కుదిరాయి. అయితే మొత్తం ఫాంటును ఒకేసారి మార్చడంతో, సింబల్ ఫాంటులో ఉన్న, మైక్రోను సూచించే మ్యూ అనే గ్రీకు అక్షరం మామూలు ఎమ్ అయిపోయి, 20 మైక్రోలీటర్లు కాస్తా 20 మిల్లీలీటర్లయ్యాయి. వెయ్యి రెట్ల తేడా! జన్యువుల పేర్లకు ఉండవలసిన ఇటాలిక్ వాలు కూడా అదే దెబ్బకు పోయింది. ప్రూఫు చదువుతుండగా కంటపడింది కనుక సరిపోయింది.

అసలు చిక్కు బొమ్మలతో వచ్చింది. ఫాలాయిడిన్ అనే రంగుతో కణంలోని ఆక్టిన్ ప్రొటీన్ పోగులకూ, డాపీ అనే రంగుతో కేంద్రకాలకూ మెరుపునిచ్చి, సూక్ష్మదర్శినితో తీసిన ఫ్లోరసెన్స్ చిత్రాలను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. తిరిగి వచ్చినప్పుడు నేపథ్యం కాటుకలా నల్లగా ఉంది, కణాల చుట్టూ ఉన్న చుక్కలు మాయమయ్యాయి, రెండు కేంద్రకాలు మాత్రం మిగతావాటికన్నా ప్రకాశవంతంగా వెలుగుతున్నాయి. అడిగితే, "మచ్చలు తీసేస్తే మంచిగుంటదని తీసేసినం మేడం" అన్నారు యజమాని. ఆయన మాటలో కపటం లేదు. పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురి ముఖం మీది మొటిమను తీసిన చేత్తోనే మా చిత్రాన్నీ సవరించారు. మా రంగంలో మాత్రం దాన్ని సాక్ష్యాన్ని మార్చడం అంటారు. వెలుగును పెంచినా తగ్గించినా చిత్రమంతటికీ ఒకేలా చేయాలి, ఒక్క భాగాన్ని ఎత్తిచూపకూడదు, చెరపకూడదు. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ అనే పత్రిక 2002 నుంచే, అంగీకరించిన వ్యాసాల్లోని చిత్రాలను ప్రచురణకు ముందు ఇటువంటి సవరణల కోసం పరిశీలిస్తోంది. చుక్కలు చెరిపినచోట నేపథ్యపు గరుకుదనం కూడా పోతుంది కనుక, వెలుగును బాగా పెంచి చూస్తే ఆ నున్నటి మరక బయటపడుతుంది.

అంతటితో ఆగలేదు. పేజీలో ఇమడ్చడానికి ఒక చిత్రాన్ని అడ్డంగా సాగదీయడంతో గుండ్రటి కేంద్రకాలు కోడిగుడ్లలా కనిపించాయి. చిత్రంలో ఎంత పొడవు అసలు ఎంతకు సమానమో చూపే గీతను, అంటే స్కేల్ బార్‌ను, సన్నగా ఉందని చెరిపి, దాని స్థానంలో లావుగా, పొడవుగా ఇంకొకటి గీసి, 20 మైక్రాన్లు అన్న అంకెను మాత్రం అలాగే ఉంచారు. ఆ గీత ఇక దేనినీ కొలవదు. నమూనాలను పక్కపక్క వరుసల్లో (లేన్లలో) పోల్చి చూపే బ్లాట్ చిత్రంలో దూరంగా ఉన్న రెండు లేన్లను పక్కపక్కన చేర్చి, అతుకు కనిపించకుండా కలిపారు. నిజానికి అతికించినచోట గీత గీసి చూపడమే నియమం.

తప్పులో సగం నాదే. ఏది ముట్టుకోకూడదో ముందుగా చెప్పలేదు. మూల ఫైళ్లు ప్రయోగశాల కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నందున, ఉచితంగా దొరికే ఫిజీ సాఫ్ట్‌వేర్‌లో చిత్రాలన్నీ మళ్లీ మొదటి నుంచి తయారుచేసుకున్నాను. కొలత ఫైలులోనే నమోదై ఉంటే స్కేల్ బార్‌ను ఆ సాఫ్ట్‌వేరే సరైన పొడవుతో గీస్తుంది. వర్ణాంధత్వం ఉన్నవారికీ తేడా తెలిసేలా ఎరుపు–ఆకుపచ్చ జంటకు బదులు మెజెంటా–ఆకుపచ్చ వాడి, వివరాలు పోయే జేపెగ్‌ ఫైలుగా కాకుండా టిఫ్‌ ఫైలుగా దాచాను. మూడు సాయంత్రాలు పట్టింది.

సవరించిన వ్యాసాన్ని మళ్లీ ఆ సెంటర్‌కే ఇచ్చాను, ఈసారి బొమ్మలు లేకుండా, మ్యూ ఉన్న ప్రతి చోటా పసుపు రంగు పూసి. ఒక్కటి కూడా మారలేదు. టైపింగుకూ రిఫరెన్సులకూ ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. చిత్రాల పనికి ఒకటే, అదీ అడగగానే ఏమి మార్చారో దాచకుండా చెప్పినందుకు.