లైనక్స్‌లో రెండు మౌస్‌లు: పాయింటర్ ఒకటి చాలా, రెండు కావాలా, సీటే వేరు చేయాలా?

లైనక్స్ డెస్క్‌టాప్‌కి రెండో మౌస్ తగిలిస్తే చాలు, వెంటనే పనిచేస్తుంది. డ్రైవర్ వెతుక్కోనక్కర్లేదు, రీస్టార్ట్ అక్కర్లేదు. చిక్కంతా ఆ తర్వాతే. రెండు మౌస్‌లూ ఒకే బాణాన్ని చెరో వైపు లాగుతుంటాయి. ఒకదానికి సరిపోయిన స్పీడ్ ఇంకోదానికి సరిపోదు. ఎడమచేతి వాటం సెట్టింగ్ పెడితే కుడిచేతి మౌస్ కూడా తిరగబడుతుంది. దీనికి పరిష్కారం వెతికితే మూడు రకాల సలహాలు దొరుకుతాయి: పాయింటర్ ఒకటే ఉంచి మౌస్‌లకి విడివిడిగా సెట్టింగ్‌లు పెట్టుకోవడం, స్క్రీన్ మీద రెండు పాయింటర్లు తెచ్చుకోవడం, కంప్యూటర్‌నే రెండు సీట్లుగా, అంటే చెరో మానిటర్, కీబోర్డ్, మౌస్ ఉన్న రెండు చోట్లుగా, విడదీయడం.

మూడూ పనిచేసేవే, కానీ వాటి అవసరాలు వేరు. నా అభిప్రాయం ముందే చెప్తాను. రెండు మౌస్‌లూ వాడేది ఒక్కరే అయితే రెండో పాయింటర్ జోలికి వెళ్లకండి. ఇద్దరు వేర్వేరు పనులు చేసుకోవాలంటే సీటు విడదీయడమే మేలు. ఇద్దరూ కలిసి ఒకే పని చేసేటప్పుడే ఒకే స్క్రీన్ మీద రెండు పాయింటర్లు నిజంగా పనికొస్తాయి, అదీ కొన్ని షరతుల మీద.

లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ వైపు నుంచి చూస్తే ఏ గందరగోళమూ లేదు. ప్రతి మౌస్‌కీ డెవ్ కింద ఉన్న ఇన్‌పుట్ డైరెక్టరీలో ఈవెంట్5, ఈవెంట్7 ఇలా ఒక సొంత ఫైల్ ఉంటుంది. ఏ మౌస్ కదిలిందో కెర్నెల్‌కి బాగా తెలుసు. ఆ కదలికలన్నీ తీసుకుని ఒకే బాణంగా కలిపేది పైనున్న ఎక్స్ సర్వర్ (స్క్రీన్‌ని నడిపే పాత పద్ధతి), లేదా వేలాండ్ కంపోజిటర్ (కొత్త పద్ధతిలో అదే పని చేసే ప్రోగ్రాం). అందుకే విడదీయాల్సిందీ అక్కడే. ఎక్స్ సెషన్‌లో టెర్మినల్ తెరిచి ఎక్స్‌ఇన్‌పుట్ లిస్ట్ అని కొడితే ఈ అమరిక కళ్లముందు కనిపిస్తుంది. పైన వర్చువల్ కోర్ పాయింటర్ అని ఒక మాస్టర్, దాని కింద స్లేవ్‌లుగా మీ మౌస్‌లు, టచ్‌ప్యాడ్, ఒక్కోదాని పక్కన ఐడీ నంబర్ ఉంటాయి.

ఒకే పాయింటర్, ఎవరి సెట్టింగ్ వాళ్లది

మణికట్టు నొప్పితో కుడి చేతికి మౌస్, ఎడమ చేతికి ట్రాక్‌బాల్ పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో ఒకరిది ఎడమచేతి వాటం, ఇంకొకరిది కుడిచేతి వాటం అయినా ఇదే పరిస్థితి. వీళ్లకి రెండో బాణం అక్కర్లేదు. ఏ చేత్తో పట్టుకున్నా ఒకే బాణం కదలాలి, కాకపోతే ప్రతి మౌస్ తన చేతికి తగ్గట్టు నడవాలి.

ఎక్స్ సెషన్‌లో ఇది తేలిక. ఎక్స్‌ఇన్‌పుట్ సెట్-ప్రాప్ కమాండ్‌తో ఆ ఒక్క మౌస్‌కే లిబ్‌ఇన్‌పుట్ లెఫ్ట్ హ్యాండెడ్ ఎనేబుల్డ్ అనే ప్రాపర్టీని 1 చేస్తే దాని బటన్లు మాత్రమే తారుమారవుతాయి. స్పీడ్‌కి లిబ్‌ఇన్‌పుట్ యాక్సెల్ స్పీడ్ అని ఇంకో ప్రాపర్టీ ఉంది. దాని విలువ -1 నుంచి 1 వరకు పెట్టుకోవచ్చు, 0 అంటే మామూలు స్పీడ్. ఒక మౌస్ 800 డీపీఐ (అంగుళం కదిలితే మౌస్ పంపే లెక్క), రెండోది 1600 డీపీఐ అనుకోండి. చెయ్యి ఒకే దూరం కదిలినా రెండోదాని కదలికల లెక్క రెట్టింపు వస్తుంది. రెండిటికీ ఒకే స్పీడ్ పెడితే ఒకటి నత్తలాగా అనిపిస్తుంది, ఇంకోటి చేతికి దొరకదు. అందుకే విడివిడిగా పెట్టుకోవాలి.

కమాండ్‌తో పెట్టినవి మౌస్ ఊడదీసి మళ్లీ పెడితే పోతాయి, రీబూట్ చేసినా పోతాయి. శాశ్వతంగా ఉండాలంటే ఈటీసీ కింద ఎక్స్11 డైరెక్టరీలోని జోర్గ్.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో ఇన్‌పుట్‌క్లాస్ సెక్షన్‌తో ఒక చిన్న ఫైల్ రాయాలి. అందులో మ్యాచ్‌ప్రొడక్ట్ దగ్గర మౌస్ పేరు, దాని కింద యాక్సెల్‌స్పీడ్, లెఫ్ట్‌హ్యాండెడ్ ఆప్షన్లు రాస్తే సరిపోతుంది. ఐడీ నంబర్ మాత్రం ఎక్కడా రాసి పెట్టుకోకండి. ఈరోజు 11 అని ఉన్నది రేపు 13 కావచ్చు. డెస్క్‌టాప్ తన సొంత మౌస్ సెట్టింగ్‌లని లాగిన్ అయ్యాక రుద్దే అవకాశం కూడా ఉంది. ఫైల్ సరిగ్గా రాసినా ఫలితం కనబడకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

వేలాండ్‌లో ఇది పూర్తిగా మీ డెస్క్‌టాప్ మీద ఆధారపడి ఉంటుంది. కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని మౌస్ పేజీలో ఏ మౌస్‌కి సెట్టింగ్ పెడుతున్నారో ఎంచుకునే వీలుంది. ఈ పనికి నేను మొదట చెప్పేది అదే. టెర్మినల్ ముట్టకుండా అయిపోతుంది. స్వే అనే వేలాండ్ కంపోజిటర్ వాడేవాళ్లు కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక్కో పరికరానికీ ఒక్కో ఇన్‌పుట్ బ్లాక్ రాసుకోవచ్చు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో మాత్రం మౌస్‌లన్నిటికీ కలిపి ఒకటే సెట్టింగ్. టచ్‌ప్యాడ్‌కి వేరేగా ఉంటుంది గానీ రెండు మౌస్‌లని వేరుగా చూడదు. ప్రైమరీ బటన్‌ని కుడికి మారిస్తే రెండు మౌస్‌లకీ మారుతుంది, కుడి చేత్తో మొదటి క్లిక్ కొట్టగానే ఫైల్ తెరుచుకోవాల్సిన చోట మెనూ ఊడిపడుతుంది. రెండు చేతులతో పనిచేసేవాళ్లకి ఇది రోజంతా చికాకే.

గ్నోమ్ వదలడం ఇష్టం లేకపోతే ఒక దారి ఉంది. కొన్ని మౌస్‌లు, ముఖ్యంగా గేమింగ్ మౌస్‌లు, డీపీఐని, బటన్ల అమరికని తమ సొంత మెమరీలోనే దాచుకుంటాయి. పైపర్ అనే యాప్‌తో వాటిని లైనక్స్ నుంచే మార్చవచ్చు. మార్పు మౌస్‌లోనే జరుగుతుంది కాబట్టి పైన ఏ డెస్క్‌టాప్ ఉన్నా పట్టింపు లేదు. మామూలు చవక మౌస్‌లకి ఈ సౌకర్యం ఉండదు. కొనేముందు పైపర్ వెనకున్న లిబ్‌రాట్‌బ్యాగ్ వాళ్ల జాబితాలో మీ మోడల్ ఉందో లేదో చూసుకోండి.

రెండు పాయింటర్లు

పరిశోధన పుణ్యమా అని వచ్చిన సౌకర్యం ఇది. పీటర్ హటరర్ అనే డెవలపర్ యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియాలో చదువుకుంటూ మల్టీ-పాయింటర్ ఎక్స్, పొట్టిగా ఎంపీఎక్స్, తయారుచేశాడు. 2008లో అది అసలు ఎక్స్ సర్వర్ కోడ్‌లో కలిసింది, 2009లో సర్వర్ 1.7తో అందరికీ అందింది. ఇప్పుడు మన మౌస్‌లని నడిపే లిబ్‌ఇన్‌పుట్‌ వెనక కూడా ఆయనే ఉన్నాడు.

వాడకం రెండు కమాండ్ల పని. ఎక్స్‌ఇన్‌పుట్ క్రియేట్-మాస్టర్ అని కొట్టి ఒక పేరు, ఉదాహరణకి చెల్లి అని ఇస్తే చెల్లి పాయింటర్, చెల్లి కీబోర్డ్ అని కొత్త మాస్టర్ జంట పుడుతుంది. స్క్రీన్ మీద రెండో బాణం ప్రత్యక్షమవుతుంది. తర్వాత రీఅటాచ్ కమాండ్‌తో రెండో మౌస్‌ని చెల్లి పాయింటర్‌కి, రెండో కీబోర్డ్ ఉంటే దాన్ని చెల్లి కీబోర్డ్‌కి కలపాలి. అంతే, ఇద్దరూ ఒకేసారి చెరో కిటికీలో (విండోలో) టైప్ చేయవచ్చు. మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఆ ముచ్చట తీరాక అసలు ఇబ్బందులు బయటపడతాయి. కిటికీలని అమర్చే విండో మేనేజర్లలో ఎక్కువ భాగం ఒక మనిషి, ఒక బాణం అనే లెక్కతో రాసినవే. ఒకరు కిటికీని ముందుకి తెస్తే ఇంకొకరి కిటికీ వెనక్కి పోతుంది. ఒకరు మెనూ తెరిస్తే ఇంకొకరి క్లిక్‌కి జవాబు రాకపోవచ్చు. పాత ప్రోగ్రాములకి రెండో పాయింటర్ అనేదే తెలియదు, ఏ బాణం ఎక్కడుందో తికమకపడతాయి. గ్రాఫిక్స్ కార్డ్ నేరుగా గీసేది మొదటి బాణాన్నే. రెండోదాన్ని సాఫ్ట్‌వేర్ గీస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ మినుకుమినుకుమంటుంది. మౌస్ ఊడదీసి పెడితే మళ్లీ మొదటి మాస్టర్ కిందికి వెళ్లిపోతుంది. లాగౌట్ అయితే అన్నీ మొదటినుంచి. ప్రతిసారీ ఆ కమాండ్లు కొట్టలేం కాబట్టి లాగిన్‌లో నడిచే స్క్రిప్ట్ రాసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువమంది ఆగిపోయే చోటు ఇంకోటి ఉంది. వేలాండ్ సెషన్‌లో ఉండి ఎక్స్‌ఇన్‌పుట్ లిస్ట్ కొడితే మీ మౌస్ పేర్లు కనిపించవు. ఎక్స్‌వేలాండ్-పాయింటర్ అంటూ మొదలయ్యే పేర్లు కనిపిస్తాయి. అవి నిజమైన మౌస్‌లు కావు, పాత ప్రోగ్రాముల కోసం పెట్టిన తొడుగులు. వాటి మీద ఎన్ని కమాండ్లు కొట్టినా ప్రయోజనం లేదు. ఆ పేరు కనబడిందంటే ఎంపీఎక్స్ దారి మూసుకుపోయినట్టే, సెషన్ మార్చాలి. ఉబుంటు 24.04లో లాగిన్ దగ్గర గేర్ గుర్తు నొక్కి ఉబుంటు ఆన్ జోర్గ్, అంటే ఎక్స్ సెషన్, ఎంచుకోవచ్చు. 25.10 నుంచి ఉబుంటు గ్నోమ్‌లో ఆ ఎంపికే తీసేశారు. లైనక్స్ మింట్ సినమన్‌లో మామూలుగా వచ్చేది ఎక్స్ సెషనే.

వేలాండ్ ప్రోటోకాల్‌లో లోపం ఉందని కాదు. అందులో సీట్ (ఒక మనిషి వాడే మౌస్, కీబోర్డ్ జత) అనే భావన మొదటినుంచీ ఉంది, ఒక్కో సీట్‌కి ఒక్కో పాయింటర్ పెట్టుకోవచ్చు. దాన్ని మనదాకా తేవాల్సింది కంపోజిటరే. స్వేలో స్వేఎంఎస్‌జీ కమాండ్‌కి గెట్ ఇన్‌పుట్స్ అని ఇచ్చి మౌస్ గుర్తింపు తెలుసుకుని, కాన్ఫిగ్‌లో సీట్ సీట్1 అటాచ్ అని దాని పక్కన ఆ గుర్తింపు రాస్తే రెండో బాణం వచ్చేస్తుంది. ఫైల్‌లో రాసేది కాబట్టి రీబూట్ తర్వాతా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో స్వే ఎక్స్ కన్నా శుభ్రంగా ఉంది. గ్నోమ్, కేడీఈలలో ఇలా రెండో బాణం పెట్టుకునే వీలు లేదు.

ఇక్కడ మన పక్కనే జరిగిన ఒక పని చెప్పాలి. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఉదయ్ పవార్, జయోజీత్ పాల్, కెంటారో టోయామా బడి పిల్లల కోసం మల్టిపుల్ మైస్ మీద పరిశోధన చేశారు. ఒక కంప్యూటర్ చుట్టూ పిల్లలు గుమిగూడితే మౌస్ ఒక్కరి చేతిలోనే ఉండిపోతుంది, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు. ప్రతి పిల్లకీ ఒక మౌస్, తన సొంత పాయింటర్ ఇచ్చి చూద్దామన్నది వాళ్ల ఆలోచన. అది విండోస్ మీద జరిగింది. అయినా లైనక్స్ వాడేవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. అక్కడ రెండు, మూడు, నాలుగు పాయింటర్లని చూసుకున్నది డెస్క్‌టాప్ కాదు, ఆ పని కోసమే రాసిన ప్రోగ్రాం. ఏ బాణం ఏ పిల్లదో దానికి తెలుసు కాబట్టి తికమక లేదు.

ఎంపీఎక్స్ కష్టాలు చూశాక నాకు స్థిరపడిన నమ్మకం ఇదే: బహుళ పాయింటర్లు డెస్క్‌టాప్ మొత్తానికి కాకుండా ఒక్క ప్రోగ్రాం లోపల ఉంటేనే సుఖం. లైనక్స్‌లో దానికి మెనీమౌస్ అనే చిన్న లైబ్రరీ ఉంది, ర్యాన్ గోర్డన్ రాశాడు. అది ప్రతి మౌస్‌నీ విడిగా చదివి ప్రోగ్రాంకి ఇస్తుంది. ఇద్దరు రెండు మౌస్‌లతో ఆడే పాత డాస్ ఆటల కోసం డాస్‌బాక్స్ స్టేజింగ్ దాన్నే వాడుకుంటుంది. పిల్లలకి క్విజ్ లాంటిది సొంతంగా రాయగలిగిన టీచర్ ఉంటే ఎంపీఎక్స్ కన్నా ఈ దారి మంచిది.

ఒక జాగ్రత్త. ఇలా మౌస్ ఫైల్‌ని నేరుగా చదవాలంటే అనుమతి కావాలి, దానికోసం యూజర్‌ని ఇన్‌పుట్ గ్రూపులో చేర్చమని సలహా కనబడుతుంది. చేర్చకండి. ఆ గ్రూపులో ఉన్న యూజర్ నడిపే ఏ ప్రోగ్రాం అయినా కీబోర్డ్‌ని కూడా చదవగలదు, అంటే మీ పాస్‌వర్డ్‌లు కూడా. ఆ ఒక్క మౌస్‌కే అనుమతి ఇచ్చే యూడెవ్ రూల్ (పరికరాలని చూసుకునే యూడెవ్ చదివే చిన్న ఫైల్) రాయడం కాస్త ఎక్కువ పని, కానీ అదే సరైన పద్ధతి.

సీటు వేరు చేయడం

అన్నాచెల్లెళ్లు ఒకే కంప్యూటర్ కోసం పోట్లాడుకునే ఇంట్లో, లేదా పది సిస్టమ్‌లకి డబ్బు లేక ఐదుతో సర్దుకునే ల్యాబ్‌లో నేను చెప్పేది మల్టీసీటే. ఒక సీపీయూకి రెండు మానిటర్లు, రెండు కీబోర్డులు, రెండు మౌస్‌లు పెట్టి, ఎవరి లాగిన్ వాళ్లు, ఎవరి డెస్క్‌టాప్ వాళ్లు వాడుకోవడం. ఎంపీఎక్స్‌లో పడే కిటికీల గొడవలేవీ ఇక్కడ ఉండవు, ఎందుకంటే ఏ విండో మేనేజర్‌కీ తన మనిషి ఒక్కడే కనిపిస్తాడు. బ్రెజిల్‌లో పరానా డిజిటల్ ప్రాజెక్టు కింద బడుల్లో ఇలాంటి లైనక్స్ మల్టీటెర్మినల్‌లే పెట్టారు. 2012లో వచ్చిన ఫెడోరా 17 నుంచి ఇది సిస్టమ్‌డీలో (లైనక్స్‌ని బూట్ చేసి సర్వీసులని నడిపే ప్రోగ్రాంలో) భాగంగా సులువైంది.

ఖర్చు గ్రాఫిక్స్ దగ్గర వస్తుంది. ఒక్కో సీటుకి ఒక్కో గ్రాఫిక్స్ పరికరం కావాలి, ఒకే కార్డుకున్న రెండు పోర్టులు సరిపోవు. ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్స్ ఒక సీటుకి, పాత చిన్న కార్డ్ ఒకటి రెండో సీటుకి పెడితే చాలు. అయితే కార్డ్ పెట్టగానే లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేసే మదర్‌బోర్డులు ఉన్నాయి, బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోవాలి.

సిస్టమ్‌డీతో వచ్చే కమాండ్ లాగిన్‌సీటీఎల్. మొదటి సీటు పేరు సీట్0. లాగిన్‌సీటీఎల్ సీట్-స్టేటస్ సీట్0 అని కొడితే పరికరాలన్నీ చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి. అందులోంచి రెండో కార్డ్, రెండో మౌస్, రెండో కీబోర్డ్ దారులు చూసుకుని లాగిన్‌సీటీఎల్ అటాచ్ సీట్1 తో ఒక్కోటీ అటు పంపాలి. మౌస్, కీబోర్డ్‌లని విడివిడిగా పంపే బదులు ఒక యూఎస్‌బీ హబ్‌ని సీట్1కి ఇచ్చేస్తే, ఆ హబ్‌కి ఏది తగిలించినా ఆ సీటుకే చెందుతుంది. పిల్లలు మౌస్ ఊడదీసి మళ్లీ పెట్టినా ఇబ్బంది ఉండదు. ఎంపీఎక్స్‌లో లేని హాయి ఇదే. ఈ అమరిక యూడెవ్ రూల్స్‌గా డిస్క్‌లో నిలిచిపోతుంది, స్క్రిప్ట్ రాయనక్కర్లేదు. హెడ్‌ఫోన్స్ కోసం యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ కూడా అదే హబ్‌కి పెట్టండి.

పొరపాటున మొదటి సీటు కార్డునే అటు పంపితే మీ స్క్రీన్ నల్లబడుతుంది. కమాండ్లు కొట్టేముందే ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్ తెరిచే పద్ధతితో) లాగిన్ అవగలరో లేదో చూసుకోండి. అక్కడినుంచి లాగిన్‌సీటీఎల్ ఫ్లష్-డివైసెస్ అంటే అన్నీ యథాస్థానానికి వస్తాయి. ర్యామ్ 8 జీబీ ఉంటే ఇద్దరి బ్రౌజర్లకి ఇరుకే, 16 పెట్టుకోవడం మంచిది. ఒకరు రీస్టార్ట్ చేస్తే ఇద్దరి పనీ ఆగుతుంది, ఒకరు వీడియో ఎడిటింగ్ మొదలుపెడితే ఇంకొకరికి నెమ్మదిస్తుంది. రాత, చదువు, స్ప్రెడ్‌షీట్ లాంటి పనులకి ఈ లోటు పెద్దగా తెలియదు.

ఈ మూడిట్లో మల్టీసీట్ ఎక్స్ మీదా, వేలాండ్ మీదా నడుస్తుంది. విడివిడి సెట్టింగ్‌ల దారి కేడీఈలో భద్రంగా ఉంది. వెనకబడుతున్నది ఎంపీఎక్స్ ఒక్కటే. గ్నోమ్ ఎక్స్‌ని వదిలేసింది, కేడీఈ కూడా అదే బాటలో ఉంది. ఒకే స్క్రీన్ మీద ఇద్దరు కలిసి చేసే పని ఈ ఏడాదికే అయితే మింట్ వేసుకుని ఎంపీఎక్స్ వాడుకోండి. చాలాకాలం నడపాల్సిన పనైతే స్వే నేర్చుకోవడం మొదలుపెట్టండి, లేదా మెనీమౌస్ మీద సొంత ప్రోగ్రాం రాయించుకోండి.