ఇల్లు నేర్పేదా, వీధి నేర్పేదా: పిల్లలకు ఏది మేలు?

మా చెల్లెలు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటుంది, కొడుక్కి ఆరేళ్లు. వాడికి నలుగురిలో మసలడం రావట్లేదని సెలవుల్లో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో వేస్తానంది. ఆ డబ్బులు దాచుకో, నెల రోజులు పెదవాల్తేరులో అమ్మ దగ్గర వదిలెయ్, ఆ సందులో పిల్లలింకా ఆడుతున్నారు అన్నాను. "వీధిలో ఏం నేర్చుకుంటాడన్నయ్యా, బూతులు తప్ప?" అంది. ఇదీ గొడవ.

ఇలా నలుగురిలో మసలడం నేర్చుకోవడాన్ని సోషియాలజీలో సామాజికీకరణ అంటారు గానీ, విషయం చిన్నదే. ఎవర్ని అండీ అనాలో, ఎక్కడ తగ్గాలో, తన వంతు వచ్చేదాకా ఎలా ఆగాలో ఎవరికీ పుట్టుకతో రాదు, పక్కవాళ్లను చూస్తూ, వాళ్లతో పడుతూ లేస్తూ నేర్చుకోవాల్సిందే.

మొదటి నాలుగైదేళ్లు ఇంటికి పోటీ లేదు. మాట, వరసలు, పెద్దాచిన్నా అన్నీ అక్కడే. కాకపోతే ఇల్లు నోటితో చెప్పేది తక్కువ, చేసి చూపించేది ఎక్కువ. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. ఒక పెద్దమనిషి గాలిబొమ్మను చితకబాదడం చూసిన పిల్లలు, తర్వాత అదే బొమ్మ దొరికితే అచ్చం అలాగే బాదారు, కొట్టమని ఎవరూ చెప్పలేదు. మరి మా బావ మద్దిలపాలెం జంక్షన్‌లో రెడ్ లైట్ ఉండగానే బండి దూర్చేసి, ఇంటికొచ్చి క్రమశిక్షణ గురించి క్లాసు పీకితే, వెనక కూర్చున్న కొడుకు ఏది పట్టుకుంటాడు?

ఇల్లు నేర్పలేనిది ఒకటుంది, సమానులతో బేరం. అష్టాచెమ్మాలో ఓడిపోతుంటే అమ్మమ్మే కావాలని ఓడి గెలిపిస్తుంది. వీధిలో ఆ పప్పులుడకవు, తొండి చేస్తే రేపు పంటలేసేటప్పుడు పిలవరు, అంతే. అలాగని కఠినం అనుకోకండి, కొత్తగా వచ్చిన చిన్నాణ్ని 'అరటిపండు'గా పెట్టుకుంటారు, అవుటైనా అవుట్ కాదు, ఆట అర్థమయ్యేదాకా ఊరికే పరిగెత్తుతుంటాడు. ఇంత మంచి బోధనా పద్ధతి ఏ స్కూల్లోనూ నేను చూడలేదు. స్విట్జర్లాండ్‌లో పిల్లల గోళీలాట చూసి జీన్ పియాజె అనే మనస్తత్వవేత్త 1932లో రాసింది కూడా దీనికి దగ్గరే: చిన్నపిల్లలు రూల్ అంటే పెద్దలు పెట్టిన మార్చరానిది అనుకుంటారు, తోటివాళ్లతో ఆడగా ఆడగా అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని తెలుసుకుంటారు.

పెద్దవాళ్లమైనా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు, నీళ్లు పోయాక గానీ మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాటువాళ్ల పేరు మాకు తెలియలేదు. ఇంటికెన్ని బిందెలో మెట్లమీద కూర్చుని మేమే తేల్చుకున్నాం.

వీధిలో చెడు లేదా? బోలెడు. నల్లగా ఉన్నవాడికి పేరు పెడతారు, బలమున్నవాడిదే బ్యాటింగ్. ఆడపిల్లల్ని ఆరింటికే లోపలికి పిలుస్తారు, మగపిల్లలు ఎనిమిదైనా ఆడుతుంటారు, అదీ ఒక పాఠమే, చెడ్డ పాఠం. అందుకే వీధి ఒక్కదానికే నా ఓటు కాదు, అరుగుమీద అమ్మ చెవి వేసి కూర్చునే వీధికి.

క్లాసు సంగతా? మైకులో మాట్లాడటం వస్తుందేమో, కాదనను.

చివరికి మేనల్లుణ్ని అమ్మ దగ్గరే వదిలింది, పది రోజులైంది. నిన్న వాడు ఫోన్ చేశాడు, "మామయ్యా, నేనిప్పుడు అరటిపండు కాదు, దొంగనయ్యాను!" అని ఒకటే సంబరం. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు, అది వాళ్లమ్మకింకా చెప్పలేదు.