రాక్-ఇవాల్ 6: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

రాతిలో సేంద్రియ పదార్థం ఎంతుందో, అది నూనె, గ్యాస్ ఇచ్చేంత ఉడికిందో లేదో రాతిని వేడిచేసి చెప్పే మెషిన్ ఇది. మా ల్యాబులో దీని బాధ్యత నాదే. కృష్ణా-గోదావరి బేసిన్ బావుల నుంచి వచ్చే షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాయి), గోదావరి లోయ బొగ్గు, ఎక్కువగా ఇవే దీంట్లోకి వెళ్తుంటాయి. షేల్‌కి దీన్ని మించింది నాకు కనబడలేదు. బొగ్గు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇది ఇచ్చే అంకెల్లో కొన్నిటిని నేను నమ్మను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. క్రూసిబుల్ అనే చిన్న గిన్నెలో 60-70 మిల్లీగ్రాముల రాతి పొడి వేసి పెడితే, మెషిన్ దాన్ని నైట్రోజన్ ప్రవాహంలో 300 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు ఉంచుతుంది. రాతిలో అప్పటికే తయారై ఉన్న నూనె, గ్యాస్ బయటికొస్తాయి. అది ఎస్1. తర్వాత నిమిషానికి 25 డిగ్రీల చొప్పున 650 దాకా వేడి పెంచుతుంది. ఇక్కడ కెరోజెన్, అంటే రాతిలోని కరగని సేంద్రియ పదార్థం, పగిలి కొత్త హైడ్రోకార్బన్లు వస్తాయి. అది ఎస్2. గ్రాఫ్‌లో ఆ ఎస్2 శిఖరం ఏ వేడి దగ్గర వచ్చిందో దాన్నిబట్టి టీమ్యాక్స్, అంటే రాయి ఎంత ఉడికిందో చెప్పే అంకె. మిగిలిన దాన్ని రెండో ఓవెన్‌లో గాలి పంపుతూ 850 దాకా కాలుస్తుంది. రెండిట్లో వచ్చిన కార్బన్ కలిపితే మొత్తం సేంద్రియ కార్బన్, అంటే టీఓసీ. పద్ధతి 1970ల్లో ఫ్రెంచ్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. ఈ ఆరో తరం 1996లో వచ్చింది.

నాకు బాగా నచ్చింది టీఓసీ సంగతే. మామూలు కార్బన్ అనలైజర్‌కి నమూనాను ముందు యాసిడ్‌తో కడిగి కార్బనేట్ తీసేయాలి, ఆ కడుగుడులో కాస్త సేంద్రియ పదార్థమూ పోతుంది. ఇక్కడ ఆ గొడవ లేదు. రాఘవాపురం షేల్ లాంటి క్రెటేషియస్ పొరలో ఒక బావి మొత్తాన్ని పైనుంచి కిందికి చూడాలంటే ఇంత తక్కువ సరుకుతో ఇంత సమాచారం ఇచ్చేది ఇంకొకటి లేదు. నమూనాకు గంట అటూ ఇటూ పడుతుంది. సాయంత్రం నమూనాలు పెట్టి వెళ్తే పొద్దున్నకి ఫలితాలుంటాయి, కరెంటు సహకరిస్తే. యూపీఎస్ లేకుండా కొనే ఆలోచన మానుకోండి.

ఇక చిక్కులు. ఫలితాల పట్టిక మాత్రమే చూసి రిపోర్టు రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎస్2 గ్రాముకి 0.2 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే శిఖరమే సరిగా ఉండదు. అయినా మెషిన్ టీమ్యాక్స్ అని ఒక అంకె ముద్రిస్తుంది, ఎవరో దాన్ని గ్రాఫ్‌లో పెట్టేస్తారు. బావి నుంచి వచ్చిన కట్టింగ్స్‌లో (తవ్వేటప్పుడు పైకొచ్చే రాతి ముక్కలు) డ్రిల్లింగ్ మడ్, అంటే తవ్వడానికి వాడే బురద ద్రవం, తాలూకు నూనె కలిసి ఉంటే ఎస్1 అమాంతం పెరిగిపోతుంది. టీమ్యాక్స్ ఇంకా 425 (అంటే రాయి పచ్చిగానే ఉంది) అంటుంటే, ఎస్1ని ఎస్1, ఎస్2ల మొత్తంతో భాగించగా వచ్చే ప్రొడక్షన్ ఇండెక్స్ 0.4 (బాగా ఉడికిన రాతికి వచ్చే అంకె) చూపిస్తోందంటే రాయి అబద్ధమాడట్లేదు, మడ్ మాట్లాడుతోంది. కర్వ్ తెరిచి చూస్తే ఎస్2కి ముందు ఒక భుజంలా ఉబ్బు కనబడుతుంది. బంకమట్టి ఖనిజాలు ఎక్కువున్న, సేంద్రియం తక్కువున్న షేల్‌లో అవి హైడ్రోకార్బన్లను పట్టేసుకుంటాయి. దాంతో ఎస్2 తగ్గుతుంది, టీమ్యాక్స్ పెరుగుతుంది.

ఇంకో తికమక: సాఫ్ట్‌వేర్‌లో టీమ్యాక్స్ పక్కనే టీపీకేఎస్2 అని ఇంకో కాలమ్ ఉంటుంది, అది దాదాపు 40 డిగ్రీలు ఎక్కువ. అసలు శిఖరం దగ్గర కొలిచిన వేడి అదే. పాత తరం మెషిన్ల డేటాతో పోల్చుకోవడానికి వీలుగా తగ్గించి ఇచ్చేది టీమ్యాక్స్. కొత్తగా చేరిన పిల్లలు రెండూ కలిపేస్తారు.

బొగ్గు వేరే కథ. షేల్‌కి వేసినంత బొగ్గు వేస్తే డిటెక్టర్ పరిమితి దాటిపోతుంది, ఎస్2 తక్కువ చూపిస్తుంది. 10 మిల్లీగ్రాముల లోపే వేయాలి. అంత కొద్ది పొడి ఆ బొగ్గు అంతటికీ ప్రతినిధిగా ఉండాలంటే మెత్తగా నూరి బాగా కలపాలి. బాగా పరిణతి చెందిన, అంటే బాగా ఉడికిన, బొగ్గు 850 దగ్గర పూర్తిగా కాలకపోవచ్చు, కాబట్టి టీఓసీని వేరే అనలైజర్‌తో ఒకసారి సరిచూస్తాను. గోండ్వానా పొరల్లో (ఈ బొగ్గు ఉండే పాత పొరలు) సిడరైట్ అనే ఇనుప కార్బనేట్ ఖనిజం కొత్తేమీ కాదు. అది 400 డిగ్రీల చుట్టుపక్కల విడిపోతూ కార్బన్ డయాక్సైడ్ వదిలితే ఎస్3 (సేంద్రియ పదార్థం నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కొలత), దాంతోపాటే ఎస్3ని టీఓసీతో పోల్చే ఆక్సిజన్ ఇండెక్స్ పాడవుతాయి.

నిజానికి టీమ్యాక్స్ బొగ్గుకి బాగానే పనికొస్తుంది. మొదటి రకం కెరోజెన్‌లో (ఎక్కువగా సరస్సుల ఆల్గే నుంచి వచ్చేది) పరిణతి పెరిగినా అది పెద్దగా కదలదు, బొగ్గులో మాత్రం చక్కగా పైకి జరుగుతూ పోతుంది. సింగరేణి గనుల బొగ్గు చాలావరకు 435కి కిందే ఉంటుంది. దాదాపు అదే పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం ఫార్మేషన్ మండపేట దగ్గర చాలా లోతున ఉడికింది, అక్కడి గ్యాస్‌కి మూలం అదేనని చెబుతారు. ఆ తేడా టీమ్యాక్స్‌లో తెలిసిపోతుంది.

నేను నమ్మనిది హైడ్రోజన్ ఇండెక్స్, అంటే ఎస్2ని టీఓసీతో పోల్చి ఇచ్చే అంకె. బొగ్గులో విట్రినైట్ (చెక్క కణజాలం నుంచి ఏర్పడిన భాగం) నుంచి వచ్చే ఆరోమాటిక్ సరుకునంతా డిటెక్టర్ లెక్కేస్తుంది, అది నూనెగా మారుతుందా గ్యాస్‌గా మారుతుందా అన్నది దానికి పట్టదు. ఇండెక్స్ 250 వచ్చింది కాబట్టి ఈ బొగ్గు నూనె ఇస్తుందని రాసేస్తే ఎలా? నూనె ఇచ్చే లిప్టినైట్ ఎంత, దాదాపు ఏమీ ఇవ్వని ఇనెర్టినైట్ ఎంత అని మైక్రోస్కోపు కింద చూడాలి, కుదిరితే పైరోలిసిస్ గ్యాస్ క్రొమాటోగ్రఫీ (వేడికి వచ్చిన పదార్థాలను విడివిడిగా చూపే పరీక్ష) చేయాలి. ఇంకో చెడ్డ అలవాటు కూడా ఉంది. టీమ్యాక్స్‌ని 0.018తో గుణించి 7.16 తీసేస్తే విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ (మైక్రోస్కోపు కింద విట్రినైట్ కాంతిని ఎంత తిప్పికొడుతుందో కొలిచి పరిణతి చెప్పే అంకె) వస్తుందనే సూత్రం టెక్సస్‌లోని బార్నెట్ షేల్ కోసం వచ్చింది. దాన్ని తెచ్చి గోదావరి బొగ్గు మీద రుద్దుతున్నారు.

నిర్వహణ విషయానికొస్తే, హైడ్రోజన్, పొడి గాలి, నైట్రోజన్ మూడూ శుభ్రంగా ఉండాలి. రోజూ మొదటి రన్ ప్రామాణిక నమూనాదే, అది తప్పితే ఆ రోజు మిగతావి వేయను. విడిభాగాలు రావడానికి పట్టే సమయమే అసలు టెన్షన్. ఒక సరఫరాదారు నుంచి చిన్న పార్టు కోసం నెలల తరబడి ఎదురుచూశాం, కాబట్టి క్రూసిబుల్స్, థర్మోకపుల్ ముందే నిల్వ పెట్టుకోండి. షేల్ పని ఉన్న ల్యాబ్ అప్పు చేసైనా కొనొచ్చు. కేవలం బొగ్గు చూసే ల్యాబ్ అడిగితే మాత్రం ముందు మంచి రిఫ్లెక్టెడ్ లైట్ మైక్రోస్కోపు కొనమంటాను, దీనికోసం పక్క ల్యాబుకి నమూనాలు పంపుకోవచ్చు.